ఇన్‌ఫీల్డ్ ఫ్లై నియమం: తరచుగా అడిగే ప్రశ్నలు

బేస్‌బాల్ కొత్తగా చూస్తున్నవాళ్లను బాగా తికమకపెట్టే ఘట్టం ఒకటుంది. బంతి ఇంకా గాల్లోనే ఉంటుంది, ఎవరూ పట్టుకోలేదు. అంపైర్ మాత్రం చెయ్యి పైకెత్తి బ్యాటర్ ఔటని చెప్పేస్తాడు. తర్వాత ఆ బంతి ఫీల్డర్ చేతిలోంచి జారి నేలమీద పడినా బ్యాటర్ ఔటే. దీని వెనకున్న కారణం ఒకసారి బోధపడితే మిగతా వివరాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఈ జవాబులు మేజర్ లీగ్ (అమెరికాలోని అత్యున్నత స్థాయి బేస్‌బాల్ లీగు) పాటించే అధికారిక నియమావళి ప్రకారం ఇచ్చినవి. సాఫ్ట్‌బాల్‌లో, స్కూలు లీగుల్లో కూడా ఇదే నియమం ఉన్నా చిన్న చిన్న తేడాలు ఉండొచ్చు కాబట్టి ఆడే ముందు మీ లీగు నియమాలు చూసుకోండి.

క్లుప్తంగా చెప్పాలంటే ఈ నియమం ఏమిటి?

ఫస్ట్, సెకండ్ బేస్‌ల మీద (పరుగు కోసం వరుసగా తాకాల్సిన మజిలీల్లో మొదటి రెండు) రన్నర్లున్నప్పుడు (థర్డ్ మీద ఉన్నా లేకున్నా), ఇంకా 2 ఔట్లు కాకముందు, బ్యాటర్ కొట్టిన బంతి గాల్లోకి లేచి, ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర్లో కాపు కాసే ఫీల్డర్) సులువుగా పట్టగలిగేలా ఫెయిర్ భాగంలో (మైదానపు రెండు పక్క గీతల లోపల) దిగుతుంటే అంపైర్ వెంటనే "ఇన్‌ఫీల్డ్ ఫ్లై" అని ప్రకటిస్తాడు. ఆ ప్రకటనతోనే బ్యాటర్ ఔట్. ఫీల్డర్ క్యాచ్ పట్టాడా, వదిలేశాడా అన్నదాంతో బ్యాటర్‌కు ఇక సంబంధం లేదు.

ఇలాంటి నియమం అవసరం ఎందుకొచ్చింది?

దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఫోర్స్ ఔట్ గురించి చెప్పాలి. బేస్‌బాల్‌లో ఒక బేస్ మీద ఒక్కరే నిలబడగలరు. బ్యాటర్ బంతిని ఫెయిర్‌గా కొట్టిన క్షణం నుంచి ఫస్ట్ బేస్ అతనికి కావాలి. అప్పటిదాకా అక్కడున్న రన్నర్ సెకండ్‌కు పరిగెత్తక తప్పదు, సెకండ్‌లో ఉన్నవాడు థర్డ్‌కు పరిగెత్తక తప్పదు. ఇలా తప్పనిసరిగా పరిగెత్తే రన్నర్‌ను ఔట్ చెయ్యడానికి అతన్ని బంతితో తాకనక్కరలేదు. బంతి చేతిలో ఉంచుకుని, అతను చేరాల్సిన బేస్‌ను అతనికంటే ముందు తొక్కితే చాలు.

గాల్లోకి లేచిన బంతి సంగతి వేరు. దాన్ని ఫీల్డర్ నేలకు తగలకుండా పడితే బ్యాటర్ ఔట్. ఫస్ట్ బేస్ ఇక అతనికి అక్కరలేదు కాబట్టి ఎవరూ ఎక్కడికీ పరిగెత్తాల్సిన పని లేదు. పైగా బేస్ వదిలి ముందుకు వెళ్లిపోయిన రన్నర్ వెనక్కి వచ్చి తన బేస్‌ను తాకాలి. ఈలోపు బంతి ఆ బేస్‌కు చేరితే అతనూ ఔటే.

ఇప్పుడు ఈ నియమమే లేదనుకోండి. ఫస్ట్, సెకండ్‌లలో రన్నర్లున్నారు, ఇంకా ఎవరూ ఔట్ కాలేదు. బంతి ఎత్తుగా లేచి షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఇన్‌ఫీల్డర్) నెత్తిమీదకి దిగుతోంది. క్యాచ్ పడతాడని రన్నర్లు బేస్‌ల దగ్గరే ఆగారు. షార్ట్‌స్టాప్ కావాలని బంతిని కాళ్ల ముందు పడనిచ్చి, వెంటనే తీసి థర్డ్‌కు విసురుతాడు. సెకండ్ నుంచి రావాల్సిన రన్నర్ ఔట్. థర్డ్ బేస్‌మన్ అక్కణ్నుంచి సెకండ్‌కు విసురుతాడు. ఫస్ట్ నుంచి రావాల్సినవాడూ ఔట్. పోనీ ఆ భయంతో రన్నర్లు ముందే పరిగెత్తారనుకుంటే షార్ట్‌స్టాప్ హాయిగా క్యాచ్ పట్టి, ఖాళీగా ఉన్న బేస్‌లకు బంతి విసిరి వాళ్లను ఔట్ చేస్తాడు. ఆగినా ఔటే, కదిలినా ఔటే. రన్నర్ ఎంత చురుకైనవాడైనా తప్పించుకోలేడు. బేస్‌లు మూడూ నిండి ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం.

సులువైన క్యాచ్‌ను వదిలేసినవాడికి ఎక్కువ లాభం వచ్చే ఆట న్యాయమైన ఆట కాదు. అందుకే నియమం నేరుగా ఆ లాభాన్నే తీసేసింది. బ్యాటర్ ముందే ఔట్. అతనికి ఫస్ట్ బేస్ అక్కరలేదు. కాబట్టి ఎవరి మీదా ఫోర్స్ లేదు. బంతిని కావాలని వదిలేసినా ఫీల్డర్‌కు దొరికేదేమీ ఉండదు.

క్రికెట్‌లో ఇలాంటి నియమం ఎందుకు లేదు?

క్రికెట్‌లో బంతిని కొట్టినంత మాత్రాన పరుగు తియ్యాలన్న బలవంతం లేదు. ఫీల్డర్ క్యాచ్ కావాలని వదిలేసినా బ్యాటర్లిద్దరూ క్రీజులోనే నిలబడిపోవచ్చు. క్యాచ్ పట్టేస్తే బంతి డెడ్ అవుతుంది, క్రీజు బయట ఉన్న రెండో బ్యాటర్‌ను ఆ తర్వాత రనౌట్ చెయ్యలేరు. బేస్‌బాల్‌లో ఈ రెండూ తలకిందులు. పరుగు తప్పనిసరి, క్యాచ్ పట్టాక కూడా బంతి ఆటలోనే ఉంటుంది. క్రికెట్‌కు అలవాటుపడిన కళ్లకు ఈ నియమం వింతగా కనిపించడానికి అసలు కారణం ఈ తేడానే.

ఏయే షరతులు కలిస్తే ఇది అమల్లోకి వస్తుంది?

రెండు బంతి వెయ్యకముందే తెలిసిపోతాయి: కనీసం ఫస్ట్, సెకండ్ రెండూ నిండి ఉండాలి, ఔట్లు 0 లేదా 1 అయ్యుండాలి. మిగతావి బంతి లేచాక తేలతాయి. అది ఫెయిర్ అయ్యుండాలి. గాల్లోకి ఎత్తుగా లేచిన బంతి అయ్యుండాలి. లైన్ డ్రైవ్ (నేలకు సమాంతరంగా దూసుకెళ్లే బంతి) కాకూడదు, బంట్ (బ్యాటు ఊపకుండా బంతికి మెత్తగా తగిలించడం) ప్రయత్నంలో లేచింది కాకూడదు. ఇన్‌ఫీల్డర్ సాధారణ ప్రయత్నంతో పట్టగలిగేదై ఉండాలి.

వీటిలో ఒక్కటి తప్పినా ఈ నియమం వర్తించదు. అన్నీ కలిసినా అంపైర్ ప్రకటించాలి. బ్యాటర్‌ను ఔట్ చేసే నియమం, అంటే 5.09(ఎ)(5), "ఇన్‌ఫీల్డ్ ఫ్లై ప్రకటించినప్పుడు" అనే మాట మీదే నిలబడి ఉంది.

ఫస్ట్ బేస్ మీద ఒక్కడే ఉంటే ఎందుకు వర్తించదు?

అక్కడ ఫీల్డర్‌కు దొరికే లాభం అంతంతమాత్రం. ఎత్తుగా లేచిన బంతి దిగేలోపు, ఒళ్లు వంచి పరిగెత్తే బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు చేరిపోతాడు, లేదా చాలా దగ్గరకు వచ్చేస్తాడు. బంతిని వదిలేసి సెకండ్‌లో ఫోర్స్ చేసినా దొరికేది ఒక్క ఔటే. బ్యాటర్ బదులు రన్నర్ ఔటవుతాడు, అంతే. బ్యాటర్ బద్ధకించి నడుచుకుంటూ వెళ్తే డబుల్ ప్లే (ఒకే బంతికి రెండు ఔట్లు) అవుతుంది. అది అతని తప్పు. దానికి నియమం అడ్డుపడదు. ఫస్ట్, థర్డ్‌లలో రన్నర్లున్నప్పుడూ ఇదే లెక్క: సెకండ్ ఖాళీగా ఉంది కాబట్టి థర్డ్‌లో ఉన్నవాడి మీద ఫోర్స్ లేదు.

ఇందులో ఒక ఎత్తుగడ ఉంది. ఫస్ట్‌లో వేగంగా పరిగెత్తే రన్నర్, బ్యాటర్ ఏమో నెమ్మది. అప్పుడు ఫీల్డర్ బంతిని తాకకుండా నేలమీద పడనిచ్చి, సెకండ్‌లో ఆ వేగవంతుణ్ని ఔట్ చేసి, నెమ్మదైనవాణ్ని ఫస్ట్‌లో మిగల్చవచ్చు. ఇది నియమబద్ధమే. కానీ బంతికి చెయ్యి తగిలించి కావాలని జారవిడవకూడదు. దానికి వేరే నియమం ఉంది, దాని గురించి కింద చెబుతాం.

2 ఔట్లు అయ్యాక ఎందుకు వర్తించదు?

క్యాచ్ పడితే మూడో ఔట్, ఇన్నింగ్స్ అయిపోతుంది. వదిలేసినా దొరికేది ఆ ఒక్క ఔటే. మోసం చెయ్యడానికి కారణమే లేదు. రన్నర్లు కూడా బంతి లేవగానే పరుగందుకుంటారు.

లైన్ డ్రైవ్‌ను, బంట్‌ను ఎందుకు మినహాయించారు?

లైన్ డ్రైవ్ నేలకు సమాంతరంగా దూసుకొస్తుంది. క్యాచ్ పట్టాలా వదలాలా అని ఫీల్డర్ తీరిగ్గా ఆలోచించుకునే వ్యవధి ఉండదు, అంపైర్ ప్రకటించే వ్యవధి అంతకన్నా ఉండదు. బంట్ విషయంలో ఇన్‌ఫీల్డర్లు ముందుకు దూసుకొస్తుంటారు, బంతి తక్కువ ఎత్తులో లేచి ఎవరికీ అందని చోట దిగుతుంది. బంట్ చెయ్యాలన్నది బ్యాటింగ్ జట్టు ఎంచుకున్న ఎత్తుగడ. అది వికటించి బంతి గాల్లోకి లేస్తే ఆ నష్టం నుంచి ఈ నియమం కాపాడదు. అయితే ఈ రెండు సందర్భాల్లోనూ ఫీల్డర్ బంతిని తాకి కావాలని జారవిడిస్తే 5.09(ఎ)(12) అనే మరో నియమం అడ్డుకుంటుంది.

"సాధారణ ప్రయత్నం" అంటే ఎంత?

వాదనలన్నీ పుట్టేది ఇక్కడే. నియమావళి దీనికి నిర్వచనం ఇచ్చింది: ఆ లీగు స్థాయిలో ఆ స్థానంలో ఆడే సగటు నైపుణ్యం గల ఫీల్డర్ చెయ్యాల్సిన ప్రయత్నం. మైదానం ఎలా ఉంది, వాతావరణం ఎలా ఉంది అన్నవి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ నిర్వచనంలో మూడు సంగతులున్నాయి. మొదటిది, కొలత సగటు ఫీల్డర్‌ది, ఆ క్షణాన బంతి కింద ఉన్న ఫలానా ఆటగాడిది కాదు. అతను అసాధారణ ప్రతిభావంతుడైతే, అతనొక్కడే అందుకోగల బంతి ఇన్‌ఫీల్డ్ ఫ్లై అయిపోదు. రెండోది, కొలత లీగును బట్టి మారుతుంది. మేజర్ లీగ్ షార్ట్‌స్టాప్‌కు నల్లేరు మీద నడకలాంటి క్యాచ్ పన్నెండేళ్ల పిల్లాడికి గగనమే. పిల్లల మ్యాచ్‌లో అంపైర్ టీవీలో చూసిన కొలతతో ప్రకటిస్తే అన్యాయం జరుగుతుంది. మూడోది గాలి, ఎండ. ఈదురుగాలికి బంతి అటూ ఇటూ కొట్టుకుపోతుంటే, ఫీల్డర్ దాని కింద కుదురుగా నిలబడలేకపోతుంటే అది సాధారణ ప్రయత్నం కాదు.

సాధారణం అంటే నిలబడ్డచోటే నిలబడి పట్టడమని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. కొంత దూరం పరిగెత్తి, బంతి దిగేలోపు దాని కిందకు చేరి, ఒళ్లు బంతికి ఎదురుగా తిప్పుకుని నిలబడగలిగితే అది సాధారణ ప్రయత్నమే. వీపు తిప్పి పరిగెత్తుతూ భుజం మీదుగా పట్టాల్సినది, దూకి పట్టాల్సినది కాదు. అంపైర్లు చూసేది కూడా ఫీల్డర్ కాళ్లనే. అతను కుదురుకుని, గ్లోవ్ ఎత్తి ఎదురుచూస్తుంటే నిర్ణయం తేలికవుతుంది.

బంతి పచ్చికలోకి వెళ్లిపోతే అది ఇన్‌ఫీల్డ్ ఫ్లై కాదు కదా?

అవుతుంది. పేరులో "ఇన్‌ఫీల్డ్" అని ఉండటంతో చాలామంది మట్టి భాగానికీ పచ్చికకూ మధ్యనున్న అంచును హద్దుగా అనుకుంటారు. పచ్చిక అంచుగానీ బేస్‌లైన్లుగానీ హద్దు కావని నియమావళి స్పష్టంగానే చెప్పింది. బంతి ఎక్కడ దిగింది అన్నది కాదు, దాన్ని ఇన్‌ఫీల్డర్ సులువుగా పట్టగలడా అన్నదే ప్రశ్న. సెకండ్ బేస్‌మన్ నాలుగడుగులు వెనక్కి వేసి పచ్చికలో నిలబడి పట్టగలిగితే అది ఇన్‌ఫీల్డ్ ఫ్లైయే.

ఆ బంతిని అవుట్‌ఫీల్డర్ (వెనక పచ్చికలో కాపు కాసే ఫీల్డర్) ముందుకొచ్చి పట్టినా, ఇన్‌ఫీల్డర్ కూడా అంతే సులువుగా పట్టగలిగేవాడని అంపైర్ అనుకుంటే నియమం వర్తిస్తుంది. బంతి విసిరే పిచర్, బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ కూడా ఈ నియమం దృష్టిలో ఇన్‌ఫీల్డర్లే. ఆ ఆటలో ఇన్‌ఫీల్డ్‌లోకి వచ్చి నిలబడిన అవుట్‌ఫీల్డర్ కూడా అంతే.

2012లో అట్లాంటాలో జరిగిన గొడవ దీని గురించేనా?

అవును. 2012 అక్టోబరు 5న టర్నర్ ఫీల్డ్‌లో అట్లాంటా బ్రేవ్స్, సెయింట్ లూయిస్ కార్డినల్స్ మధ్య నేషనల్ లీగ్ వైల్డ్ కార్డ్ మ్యాచ్. ఎనిమిదో ఇన్నింగ్స్ రెండో సగం. బ్రేవ్స్ 6-3తో వెనకబడి ఉన్నారు. ఒక ఔట్ అయింది, ఫస్ట్, సెకండ్‌లలో రన్నర్లున్నారు. ఆండ్రెల్టన్ సిమన్స్ కొట్టిన బంతి లెఫ్ట్ ఫీల్డ్ వైపు లేచింది. షార్ట్‌స్టాప్ పీట్ కోజ్మా పచ్చికలోకి బాగా వెనక్కి పరిగెత్తి బంతి కిందకు చేరాడు. చివరి క్షణంలో పక్కకు తప్పుకున్నాడు. అతనికీ లెఫ్ట్ ఫీల్డర్ మ్యాట్ హాలిడేకీ మధ్య బంతి నేలమీద పడింది. అప్పటికే లెఫ్ట్ ఫీల్డ్ అంపైర్ సామ్ హోల్‌బ్రూక్ ఇన్‌ఫీల్డ్ ఫ్లై ప్రకటించి చెయ్యెత్తేశాడు.

ఆ ప్రకటన లేకపోతే ఒకే ఔట్‌తో బేస్‌లు మూడూ నిండేవి. ప్రకటనతో 2 ఔట్లు, రన్నర్లు సెకండ్, థర్డ్‌లలో. (రన్నర్లు ముందుకు వెళ్లడం చెల్లింది, ఎందుకంటే బంతి ఆటలోనే ఉంది.) ప్రేక్షకులు మైదానంలోకి చెత్త విసిరారు, ఆట 19 నిమిషాలు ఆగింది. బ్రేవ్స్ వేసిన ప్రొటెస్ట్ (నిర్ణయం మీద అధికారిక ఫిర్యాదు) తోసిపుచ్చారు, స్కోరు 6-3 దగ్గరే ముగిసింది.

ఈ నిర్ణయాన్ని నియమావళి మాటలతో సమర్థించవచ్చు: దూరం హద్దు కాదు, కోజ్మా బంతి కింద కుదురుకున్నట్టే కనిపించాడు. కానీ ప్రకటన బంతి దాదాపు నేలకు చేరువయ్యాక వచ్చింది. రన్నర్లకు ముందుగా తెలియజెయ్యడం కోసం పుట్టిన నియమం అంత ఆలస్యంగా వినిపిస్తే దాని పని అది చెయ్యనట్టే. అంత దూరంలో, ఇద్దరు ఫీల్డర్ల మధ్య దిగే బంతిని వదిలేసి డబుల్ ప్లే చెయ్యడం కూడా దాదాపు అసాధ్యం. నియమం అక్షరం ఒకవైపు, దాని ఉద్దేశం మరోవైపు నిలబడిన సందర్భం అది.

ఎవరు ప్రకటిస్తారు, ఎప్పుడు, ఎలా?

ఏ అంపైరైనా ప్రకటించవచ్చు. ఒకరు ప్రకటించగానే మిగతావాళ్లూ చెయ్యెత్తి గట్టిగా అదే మాట అంటారు. సంజ్ఞ తేలికైనదే: కుడిచెయ్యి నిటారుగా పైకి, చూపుడువేలు ఆకాశం వైపు, "ఇన్‌ఫీల్డ్ ఫ్లై, బ్యాటర్ ఔట్!" అనే కేక.

ప్రకటన వెంటనే చెయ్యాలని నియమం అంటుంది. వెంటనే అంటే బ్యాటుకు తగిలిన క్షణాన కాదు. బంతి పైకి వెళ్లే దారిలో ఉన్నప్పుడు అది ఎక్కడ దిగుతుందో సరిగా తెలియదు. అది శిఖరానికి చేరి కిందకు తిరిగే సమయానికి ఫీల్డర్ ఎక్కడున్నాడో తేలుతుంది. మంచి అంపైర్లు ఆ క్షణం పట్టుకుంటారు. అంతకన్నా తొందరపడితే గాలికి బంతి కొట్టుకుపోయి నిర్ణయం తప్పవుతుంది. ఆలస్యమైతే రన్నర్లు అప్పటికే ఇరుక్కుపోతారు.

పరిస్థితి ఏర్పడగానే, అంటే బ్యాటర్ బాక్సులోకి రాగానే, అంపైర్లు ఒకరికొకరు మౌనంగా గుర్తు చేసుకుంటారు. టోపీ అంచు తాకి ఔట్ల సంఖ్య వేళ్లతో చూపడం, లేదా ఛాతీ మీద చెయ్యి వెయ్యడం లాంటి సంజ్ఞలు వాడతారు. జాగ్రత్తగా చూస్తే మీకూ కనిపిస్తాయి.

"ఇన్‌ఫీల్డ్ ఫ్లై, ఫెయిర్ అయితే" అంటారెందుకు?

బంతి ఫస్ట్ లేదా థర్డ్ బేస్‌లైన్ దగ్గర దిగుతుంటే అది ఫెయిరో ఫౌలో (గీత బయటిదో) ముందే చెప్పలేరు. అందుకే షరతు పెడతారు. ఫౌల్ అయితే ప్రకటన చెల్లదు. మామూలు ఫౌల్ బంతికి ఏం జరుగుతుందో అదే జరుగుతుంది.

రెండు చిక్కు సందర్భాలు గుర్తుంచుకోండి. ఎవరూ తాకకుండా బంతి ఫెయిర్ భాగంలో పడి, ఫస్ట్ లేదా థర్డ్ బేస్ దాటకముందే ఎగిరి ఫౌల్ భాగంలోకి వెళ్లి ఆగితే అది ఫౌల్. బ్యాటర్ ఔట్ కాడు, మళ్లీ బ్యాటింగ్‌కు వస్తాడు. దీనికి ఉల్టా, బంతి గీత బయట పడి, ఎవరూ తాకకుండానే బేస్ దాటకముందు ఎగిరి లోపలికి వచ్చి ఆగితే అది ఫెయిర్, ఇన్‌ఫీల్డ్ ఫ్లై కిందే లెక్క, బ్యాటర్ ఔట్. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు, పరుగు పూర్తయ్యేది ఇక్కడే) దగ్గర నిటారుగా లేచిన బంతుల్లో విపరీతమైన స్పిన్ ఉంటుంది. పడ్డాక అవి ఎటు ఎగురుతాయో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఇది పుస్తకంలో మాత్రమే జరిగే సంగతి కాదు. ఫీల్డర్ తాకితే మాత్రం, తాకిన చోటును బట్టే ఫెయిరో ఫౌలో తేలిపోతుంది.

ప్రకటించాక బంతి డెడ్ అవుతుందా? రన్నర్లు పరిగెత్తవచ్చా?

డెడ్ కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే, అదీ ఖరీదైన పొరపాటు. ఔటయ్యింది బ్యాటర్ ఒక్కడే. మిగతా ఆట మామూలు ఫ్లై బంతికి జరిగినట్టే జరుగుతుంది.

ఫీల్డర్ క్యాచ్ పడితే రన్నర్ తన బేస్‌ను తాకి, ఫీల్డర్ బంతిని మొదట తాకిన క్షణం తర్వాత బయలుదేరవచ్చు. బంతి గ్లోవులో తొణికి తొణికి చివరికి చేతికి చిక్కినా, లెక్క మొదటి స్పర్శ నుంచే. ముందే బేస్ వదిలినవాడు వెనక్కి రావాలి, లేకపోతే డబుల్ ప్లే.

క్యాచ్ జారితే, లేదా ఎవరూ తాకకుండా నేలమీద పడితే, వెనక్కి వచ్చి బేస్ తాకాల్సిన పని లేదు. రన్నర్ ఎక్కడుంటే అక్కణ్నుంచి ముందుకు వెళ్లవచ్చు. కానీ వెళ్లాలన్న బలవంతమూ లేదు. ఫోర్స్ లేదు కాబట్టి బేస్ మీదే నిలబడిపోతే అతన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. ముందుకు పరిగెత్తితే మాత్రం తన సాహసం తనదే. ట్యాగ్ చేస్తే, అంటే బంతి చేతిలో ఉంచుకుని అతన్ని తాకితే, ఔట్.

ఫీల్డర్ బంతి జారవిడిచి బేస్ తొక్కాడు. రన్నర్ ఔట్ కాడా?

కాడు. ఫోర్స్ పోయింది కనుక రన్నర్‌ను బంతితో తాకాల్సిందే.

అన్ని స్థాయిల్లోనూ జరిగే పొరపాటు ఒకటి చూడండి. బేస్‌లు మూడూ నిండాయి, ఒక ఔట్ అయింది, పిచర్ దగ్గర బంతి లేచింది, ఇన్‌ఫీల్డ్ ఫ్లై ప్రకటించారు. పిచర్ క్యాచ్ జారవిడిచాడు. బంతి నేలమీద చూసిన థర్డ్ బేస్ రన్నర్ అలవాటు కొద్దీ హోమ్‌కు పరిగెత్తాడు. పిచర్ హోమ్‌కు విసిరాడు, క్యాచర్ ప్లేట్ తొక్కి, డబుల్ ప్లే అయిందని సంబరపడుతూ బంతిని ఫస్ట్‌కు విసిరాడు. క్యాచర్ తప్పు అదే. రన్నర్ పక్కనుంచే వెళ్లినా ట్యాగ్ చెయ్యలేదు. పరుగు చెల్లుతుంది. క్యాచర్ ఒక్క అడుగు వేసి గ్లోవు తగిలించి ఉంటే ఇన్నింగ్స్ ముగిసేది. రన్నర్ చేసిందీ తప్పే. బేస్ మీదే ఉండిపోతే అతనికి ఏ ప్రమాదమూ లేదు. ఇద్దరూ నియమం మరిచిపోయారు, ఒకరి తప్పు మరొకరికి కలిసొచ్చింది.

బంతి రన్నర్‌కు తగిలితే?

బేస్ మీద నిలబడి ఉన్న రన్నర్‌కు ఇన్‌ఫీల్డ్ ఫ్లై తగిలితే అతను ఔట్ కాడు, బ్యాటర్ మాత్రం ఔట్. రన్నర్ బేస్ వదిలి ఉన్నప్పుడు తగిలితే ఇద్దరూ ఔట్. మామూలు ఫెయిర్ బంతి తగిలితే బేస్ మీదున్న రన్నర్ కూడా ఔటవుతాడు. ఇన్‌ఫీల్డ్ ఫ్లైకి ఇచ్చిన ప్రత్యేక రక్షణ ఇది.

రన్నర్ ఫీల్డర్‌కు అడ్డొస్తే?

అడ్డం రావడమంటూ జరిగితే బంతి ఫెయిరో ఫౌలో తేలేదాకా ఆట కొనసాగుతుంది. ఫెయిర్ అయితే అడ్డొచ్చిన రన్నర్, బ్యాటర్ ఇద్దరూ ఔట్. ఫౌల్ అయితే, దాన్ని ఫీల్డర్ పట్టినా సరే, రన్నర్ ఔట్, బ్యాటర్ మళ్లీ బ్యాటింగ్‌కు వస్తాడు.

2024 మే 23న షికాగో వైట్ సాక్స్, బాల్టిమోర్ ఓరియోల్స్ మ్యాచ్ ఇలాగే ముగిసింది. తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక ఔట్, ఆండ్రూ బెనింటెండి బంతి గాల్లోకి లేచింది, ఇన్‌ఫీల్డ్ ఫ్లై ప్రకటించారు. షార్ట్‌స్టాప్ గన్నర్ హెండర్సన్ బంతి కిందకు వస్తుండగా, సెకండ్ బేస్ రన్నర్ ఆండ్రూ వాన్ అడ్డొచ్చాడని అంపైర్ నిర్ణయించాడు. హెండర్సన్ క్యాచ్ పట్టాడు కూడా. బ్యాటర్ ఔట్, రన్నర్ ఔట్, ఓరియోల్స్ 8-6తో గెలిచారు. చాలామందికి అది మింగుడుపడలేదు. కావాలని చేశాడా లేదా అన్నది బేస్ వదిలి ఉన్న రన్నర్ విషయంలో ప్రశ్నే కాదు. బంతి అందుకుంటున్న ఫీల్డర్‌కు దారి ఇవ్వడం అతని బాధ్యత. అదే రన్నర్ బేస్‌ను తాకి నిలబడి ఉంటే, ఉద్దేశపూర్వకంగా అడ్డుపడితే తప్ప ఔట్ ఇవ్వరు. బేస్ మీద నిలబడటానికి ఇది మరో బలమైన కారణం.

కావాలని జారవిడిచే నియమానికీ దీనికీ తేడా ఏమిటి?

5.09(ఎ)(12) ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉన్న ప్రతి సందర్భంలో, 2 ఔట్లు కాకముందు వర్తిస్తుంది. ఇన్‌ఫీల్డర్ ఫ్లైనిగానీ లైన్ డ్రైవ్‌నుగానీ తాకి, కావాలని వదిలేస్తే బ్యాటర్ ఔట్, బంతి డెడ్, రన్నర్లు ఉన్నచోటికే తిరిగి రావాలి. తాకకుండా పడనిస్తే ఈ నియమం వర్తించదు.

ఇన్‌ఫీల్డ్ ఫ్లైలో ఫీల్డర్ తాకాడా, ఉద్దేశం ఏమిటి అన్న విచారణే లేదు, బంతీ డెడ్ కాదు. రెండూ ఒకేచోట ఎదురైతే ఇన్‌ఫీల్డ్ ఫ్లైదే పైచెయ్యి. ప్రకటించాక ఫీల్డర్ కావాలని జారవిడిచినా ఆట ఆగదు.

అంపైర్ ప్రకటించడం మరిచిపోతే, లేదా వర్తించనప్పుడు ప్రకటిస్తే?

ప్రకటన లేకపోతే ఆట అక్కడ జరిగినట్టే జరిగిపోతుంది. ఆ తర్వాత ఫీల్డింగ్ జట్టు వచ్చి "ఇది ఇన్‌ఫీల్డ్ ఫ్లై కదా" అని అప్పీలు చేసుకునే వీలు లేదు. నియమావళి దీన్ని అప్పీల్ ప్లే కాదని తేల్చి చెప్పింది. వర్తించనప్పుడు పొరపాటున ప్రకటిస్తే, ఉదాహరణకు ఫస్ట్‌లో ఒక్కడే ఉన్నప్పుడు, అంపైర్లు కలిసి మాట్లాడుకుని నిర్ణయాన్ని మార్చవచ్చు. ఆ తప్పు ప్రకటన వల్ల జరిగిన నష్టాన్ని సరిదిద్దుతూ రన్నర్లను తగిన బేస్‌లలో ఉంచే అధికారం వాళ్లకుంది. అయినా ఆటగాడు ఆ దయ మీద ఆధారపడకూడదు. ఔట్లెన్నో, బేస్‌ల మీద ఎవరెవరున్నారో ప్రతి బంతికి ముందు తనే చూసుకోవాలి.

స్కోర్‌బుక్‌లో ఎలా రాయాలి?

క్యాచ్ పడితే పట్టినవాడికి పుటౌట్ (ఔట్ చేసిన ఫీల్డర్ పేరిట రాసే లెక్క). ఎవరూ పట్టకపోతే, ఎవరు పట్టగలిగేవాడని స్కోరర్ భావిస్తే అతనికి పుటౌట్ ఇస్తారు. బ్యాటర్‌కు అది ఒక అట్‌బ్యాట్ (అతని బ్యాటింగ్ సగటులో లెక్కకొచ్చే అవకాశం).

ఈ నియమం ఎప్పటి నుంచి ఉంది?

నేషనల్ లీగ్ 1895లో దీన్ని తెచ్చింది. అప్పట్లో ఒక ఔట్ అయ్యాకే వర్తించేది. ఒక్క ఔటూ కాకముందు కూడా వర్తించేలా 1901లో విస్తరించారు. లైన్ డ్రైవ్, బంట్ మినహాయింపులు ఆ తర్వాత చేరాయి.

రన్నర్‌గా నేను సరిగ్గా ఏం చెయ్యాలి?

బంతి వెయ్యకముందే లెక్క చూసుకోండి: ఫస్ట్, సెకండ్ నిండాయా, ఔట్లు రెండు కంటే తక్కువా. అవునంటే బంతి లేవగానే అంపైర్ చెయ్యి కోసం చూడండి. ప్రకటన వినగానే మీ బేస్‌కు తిరిగి వచ్చి కాలు పెట్టండి. వచ్చే దారిలో ఫీల్డర్ ఉంటే అతని వెనకగా తిరిగి రండి, ముందునుంచి కాదు. బంతి నేలమీద పడ్డా కదలకండి. బంతి దూరంగా దొర్లిపోయి, తర్వాతి బేస్‌కు తేలిగ్గా చేరగలనని కచ్చితంగా తెలిస్తేనే పరిగెత్తండి. ఒంట్లో ఉన్న అలవాటంతా "నేలమీద బంతి, పరిగెత్తు" అంటుంది కాబట్టి ఇది సాధన లేకుండా రాదు. కోచ్‌లు ప్రాక్టీసులో బంతిని ఎత్తుగా విసిరి, చెయ్యెత్తి ప్రకటించి, ఫీల్డర్ చేత కావాలని జారవిడిపించి, రన్నర్లు కదలకుండా నిలబడేదాకా మళ్లీ మళ్లీ చేయించాలి.

ప్రకటన వినిపించకపోతే సగం దూరం దాకా కాదు, బంతి ఎవరి దగ్గరుందో దాన్నిబట్టి కొద్ది అడుగులే వేసి ఆగండి. బ్యాటర్ అయితే ఏం విన్నా ఫస్ట్ బేస్ దాకా పరిగెత్తాలి. షరతుతో చేసిన ప్రకటన చెల్లకపోవచ్చు, అసలు ప్రకటనే కాకపోవచ్చు. ఔటయ్యాక పరిగెత్తినంత మాత్రాన తప్పు పట్టరు.

ఫీల్డర్‌కు చెప్పాల్సింది ఇంకా తక్కువ. క్యాచ్ పట్టండి. జారితే, బేస్ తొక్కడం మర్చిపోయి, పరిగెత్తుతున్నవాడికి గ్లోవు తగిలించండి.